స్నానపుగదికి టైల్సు వేయుటకు ముందు గోడను సిద్ధపఱచు విధానము

మన గ్రామములలో స్నానపుగదులకు టైల్సు వేయించుకొనువారు నానాట హెచ్చుచున్నారు. టైల్సును ఎన్నుకొనుటలో చూపు శ్రద్ధను గోడపై చూపువారు మాత్రము అరుదు. దుక్కి చెడిన చేనిలో మేలైన విత్తనము చల్లినను పంట పండదు. చెడిన గోడపై అంటించిన టైల్సును అట్లే నిలువవు. పెట్టిన సొమ్ము పోవుటయే గాక, ఊడిన పలక పిల్లలపై బడు ప్రమాదమును గలదు. కావున గోడను సిద్ధపఱచు క్రమమును ఇందు వివరింతుము.

1. పరీక్ష: తాపీ పిడితో గోడనంతటిని జానెడు దూరమున కొకసారి తట్టి చూడవలెను. డొల్లగా పలికినచోట పాతపూత ఇటుకను విడిచినదని గ్రహించి, ఇటుక కనబడువఱకు దానిని కొట్టివేయవలెను. పిమ్మట గోడపై నీళ్లు చిలుకరింపవలెను. గోడ నీటిని పీల్చినచో మంచిది. తామరాకుపైనుండి వలె జాఱిపోయినచో నూనెరంగో, జిడ్డో యున్నదని యర్థము. వెల్లసున్నమును, రంగును పూర్తిగా గీకివేయవలెను. ఏలయన అట్టిచోట టైలు అంటుకొనునది సున్నపుపొరకే గాని గోడకు గాదు. ఆ పొర లేచిననాడు టైలును లేచును.

2. చెమ్మ: చవుటినేలలో నీరు పైకెక్కి, ఎండకు ఆవిరియై, ఉప్పును మీద విడుచుట రైతు లెఱిగినదే. గోడ యడుగున కనబడు తెల్లని పొడికిని కారణమదియే. దానిని కడుగక, పొడికుంచెతో దులుపవలెను. కడిగినచో ఉప్పు కరగి మరల గోడలోనికే పోవును. అంతకు మున్ను కాఱు గొట్టమును, గోడమొదట నిలుచు నీటిని, కప్పు చెమ్మను సరిచేయవలెను. టైల్సు చెమ్మను దాచునే గాని మాన్పజాలవు.

3. గొట్టములు: గోడలో నుండవలసిన గొట్టములను ముందే బిగించి, కొళాయి మూతులు మూసి, నీరు నింపి ఒక రాత్రి యుంచి చూడవలెను. టైల్సు వేసినపిదప కనబడిన కాఱుటకు టైల్సునే పగులగొట్టవలసి వచ్చును.

4. పూత: ఇటుకల సందులను 10 మిల్లీమీటర్ల లోతున గీకి, నునుపైన కాంక్రీటుపై ఉలితో గాట్లు పెట్టి, గోడను తడుపవలెను. ఒక పాలు సిమెంటునకు 4 పాళ్లు మంచి యిసుక చేర్చి, 12 మొదలు 15 మిల్లీమీటర్ల మందమున పూయవలెను. చవుటి యిసుకయు, సముద్రపు టిసుకయు పనికిరావు. నీరు కలిపిన మాలును అరగంటలో వాడివేయవలెను. గట్టిపడినదానికి మరల నీరు చేర్చి వాడరాదు. తూకపుగుండుతో నిలువును, మూలమట్టముతో మూలలను సరిచూడవలెను. 6 అడుగుల బద్ద నానించినపుడు సందు 3 మిల్లీమీటర్లకు మించరాదు. పైభాగమును నునుపు చేయక గరుకుగానే విడువవలెను. 7 దినములు తడుపవలెను.

5. నీరు దిగకుండ పూత: గోడ ఆరినపిదప నీళ్లు పడు గోడకు 6 అడుగుల యెత్తువఱకును, గోడయు నేలయు కలియు మూలలకును ఈ పూత వేయవలెను. టైల్సు అంటించుటకు తగిన రకమునే కొనవలెను.

6. మట్టిగోడలు: వీనిపై టైల్సు అంటింపరాదు. మట్టి తడికి ఉబ్బును, ఎండకు కుంచించును. సిమెంటు దానితో సమముగా కదలదు గనుక రెండును విడిపోవును. అట్టి యిండ్లలో వేఱుపునాదిపై ఇటుకగోడ కట్టుకొనుట మేలు.

పని త్వరగా ముగియవలెనని మేస్త్రీ తొందరపెట్టినను, సభ్యులు మూడు సంగతులను స్వయముగా చూచిన పిమ్మటనే టైల్సు పెట్టెను విప్పింపవలెను: గోడ తట్టిన గట్టిగా పలుకవలెను, తూకమునకు నిలువవలెను, చెమ్మ లేకుండవలెను.