కల్తీకల్లు: సంఘమునకుఁ గలుగు చేటు

తుంగభద్రాతీరమున నవబ్రహ్మాలయములతో నొప్పు ఆలంపురము పూర్వము మహబూబునగరు జిల్లాలోనిది. 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. ఈ పాలమూరు సీమయందుఁ బగలెల్ల శ్రమించిన కూలివాఁడు సాయంకాలమునఁ గల్లు ద్రావుట చిరకాలపు వాడుక. అయితే చెట్టునుండి దిగిన కల్లు వేఱు. కొన్ని దుకాణములలో సీసాలఁ బోసి యమ్మునది వేఱు. చెట్లు తఱిగినను గిరాకి తఱుగమిచేఁ, గొందఱు విక్రేతలు మత్తుకొఱకు నందు క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, అల్ప్రజోలాము అను మందులఁ గలుపుచున్నారు.

ఇవి నిద్రకును ఆందోళనశాంతికిని వైద్యుఁడు మితముగ నొసఁగవలసినవి. నిత్యము సేవించువాని మెదడు వీనికి దాస్యము చేయును. మోతాదు మించిన నూపిరి మందగించును. హఠాత్తుగ మానిన వణఁకు, మతిభ్రమ, మూర్ఛ కలుగును. 2015లో నధికారులు కల్తీని అరికట్టఁగా, నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో వందలకొలఁది జనులు మతిదప్పి యాసుపత్రులఁ జేరిరి. 2025 జూలైలో హైదరాబాదునందలి కూకట్‌పల్లిలోఁ గల్తీకల్లు ద్రావి పలువురు మరణించిరి.

నష్టము త్రాగినవానితో ముగియదు. కూలిడబ్బు దుకాణమునకుఁ బోవును; ఇంట పొయ్యి చల్లాఱును; బిడ్డ బడి మానును. నిజాయితీతోఁ గల్లు గీచి బ్రదుకు గీతకార్మికునకును అపకీర్తి వచ్చును.

1985 నాఁటి మత్తుమందుల చట్టమున శిక్ష కలదు. కాని దుకాణము మూయించుట మాత్రమే చాలదని 2015 నేర్పినది. అది మూసిననాఁడే చికిత్సాలయపుఁ దలుపు తెఱచియుండవలెను.

విద్యావంతులారా! త్రాగువానిని నిందించుటకు మున్ను, అతఁ డెఱుఁగక త్రాగు విషమును అతని కెఱిఁగింపుఁడు. అక్షరములు నేర్చిన దూబగుంట స్త్రీలు 1992లో సారాపై నిలిచి పోరాడిరి. తెలిసిన మాటకు అంత బలము గలదు.