మాటతో జరిగే చికిత్స: దిగులు, ఆందోళనలకు థెరపీ ఎలా తోడ్పడుతుంది?

దిగులు, బెంగ, గాభరా, కంగారు: మనసులోని బాధకు తెలుగులో ఇన్ని పేర్లున్నాయి. వీటి అర్థాలు ఒకటి కావు. ఊరికీ అయినవాళ్లకూ దూరమైనవారు బెంగ పెట్టుకుంటారు. కారణం ఇదని చెప్పలేని భారం రోజుల తరబడి మనసును పట్టుకుని ఉంటే అది దిగులు. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పోసి, ఏదో జరగబోతున్నదనిపిస్తే అది గాభరా. ఇన్ని పేర్లు తెలిసినవారిలో కూడా చాలామంది, ఈ బాధకు చికిత్స ఉన్నదని అంగీకరించడానికి సంకోచిస్తారు.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో పన్నెండు రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. వయోజనులలో ప్రతి నూరుమందికి సుమారు పదిమంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారనీ, మహానగరాలలో ఈ సంఖ్య మరింత ఎక్కువనీ ఆ సర్వే తేల్చింది. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ సమస్యలున్న పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఏ చికిత్సా అందడం లేదని కూడా తెలిపింది. చికిత్స అందకపోవడానికి ఒక కారణం వైద్యుల కొరత. ఆ చికిత్స ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం మరొకటి. ఈ పాఠం రెండవ కారణానికి సంబంధించినది.

థెరపీ అంటే ఏమిటి?

థెరపీ అంటే శిక్షణ పొందిన వ్యక్తితో, నిర్ణీత సమయంలో, ఒక లక్ష్యం పెట్టుకుని జరిపే సంభాషణ. మానసిక చికిత్స, కౌన్సెలింగ్ అన్న మాటలు కూడా వాడుకలో ఉన్నాయి. సాధారణంగా వారానికి ఒకసారి, అరగంట నుంచి గంట వరకు జరుగుతుంది. సాధారణ కుంగుబాటు, ఆందోళనలకు ఆరు నుంచి ఇరవై కలయికలలోపే ముగిసే పద్ధతులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

ఇది ఓదార్పు కాదు, హితబోధ కూడా కాదు. బంధువులు ప్రేమతోనే "ఎక్కువ ఆలోచించకు" అంటారు. ఎలా ఆలోచించకుండా ఉండాలో మాత్రం చెప్పలేరు. థెరపీ ఆ 'ఎలా' అన్నదానినే నేర్పుతుంది. ఈత, వంట, కుట్టుపని నేర్చుకున్నట్లే దీనినీ అభ్యాసంతో నేర్చుకోవాలి. అందుచేత రెండు కలయికల మధ్య ఇంటివద్ద చేయవలసిన చిన్న చిన్న పనులు ఉంటాయి. అసలు మార్పు చాలావరకు ఆ పనులలోనే జరుగుతుంది.

అగ్రహారం నుంచి నగరానికి: ఒక ఉదాహరణ

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు భాగమైన యానాం, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్నది. అక్కడి గ్రామాలలో అగ్రహారం ఒకటి. 2022 జూలైలో గోదావరికి వచ్చిన పెద్ద వరద యానాంలోని అనేక వాడలను ముంచెత్తింది. అగ్రహారం నుంచి దూరనగరానికి వచ్చి, రాత్రి కాపలా ఉద్యోగం చేస్తున్న నలభై ఏళ్ల మనిషిని ఊహించుకుందాం. ఇతడు పాఠం కోసం కల్పించిన వ్యక్తి. ఇతని స్థితి మాత్రం చాలామందికి పరిచితమే.

తల్లిదండ్రులు ఊళ్లోనే ఉన్నారు. వానాకాలం వస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎన్నో ప్రమాద హెచ్చరిక ఎగరేశారోనని ఇతడు గంటకోసారి ఫోన్ చూస్తాడు. పగలు నిద్ర పట్టదు. గుండెదడ వస్తే ఆసుపత్రికి వెళ్లాడు. ఈసీజీ బాగానే ఉన్నదన్నారు. ఇంటినుంచి ఫోన్ మోగితే చేతులు వణుకుతాయి కనుక ఈ మధ్య ఎత్తడమే మానేశాడు. తోటివారితో టీ తాగడానికి వెళ్లడం, ఆదివారం వండుకోవడం కూడా మానేశాడు. తల్లి అడిగితే "బాగానే ఉన్నానమ్మా" అని సందేశం పెడతాడు.

ఈ మనిషి థెరపిస్టు దగ్గరకు వెళ్లాడనుకుందాం. సంభాషణ ఇలా సాగవచ్చు.

"నిన్న మధ్యాహ్నం అమ్మగారి ఫోన్ చూడగానే మీ మనసులో ముందుగా ఏం మెదిలిందండీ?"

"ఇంట్లోకి నీళ్లొచ్చేశాయేమో అనిపించిందండి. అక్కడితో కాళ్లూ చేతులూ ఆడలేదు."

"ఈ వారం అమ్మగారు ఎన్నిసార్లు చేశారు? దేనికి చేశారో తరువాత తెలిసిందా?"

"అయిదుసార్లండి. నాన్నగారి మందులకు రెండుసార్లు, పెళ్లి కబురుకు ఒకసారి. మిగతావి ఊరికే, తిన్నానో లేదో అడగడానికి."

ఇక్కడ థెరపిస్టు "వరద రాదులెండి" అని అనలేదు. వరద నిజంగానే రావచ్చు. మనసులో మెదిలిన ఊహను, జరిగిన సంగతులను పక్కపక్కన పెట్టి చూడడం మాత్రమే నేర్పారు. ఫోన్ మోగడం వేరు, నీళ్లు రావడం వేరు. భయం ఆ రెండింటినీ ఒకటి చేసింది. వాటిని విడదీయడమే మొదటి మెట్టు. అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతికి ఇదే మూలం. నేడు సీబీటీ అన్న పేరుతో ప్రపంచమంతటా వాడుకలో ఉన్న చికిత్స ఆ మూలం నుంచి పెరిగినదే.

రెండవ మెట్టు తప్పించుకోవడాన్ని తగ్గించడం. ఫోన్ ఎత్తనప్పుడల్లా ఆ క్షణానికి ఊరట కలుగుతుంది. కాని "ఎత్తకపోబట్టే బతికిపోయాను" అని మనసు నేర్చుకుంటుంది, మరునాటికి భయం మరింత బలపడుతుంది. అందుచేత మెట్లుమెట్లుగా ఎదుర్కోవడం అభ్యసిస్తారు. మొదటివారం రోజూ సాయంత్రం ఒకే వేళకు తానే ఫోన్ చేయాలి. రెండవవారం మోగినప్పుడు పది నిమిషాలలోపు తిరిగి చేయాలి. మూడవవారం మోగగానే ఎత్తాలి. భయం పూర్తిగా పోయాక ఎత్తడం కాదు. ఎత్తుతూ ఉండగా భయం తగ్గుతుంది.

మూడవది, మానేసిన పనులను తిరిగి మొదలుపెట్టడం. మనసు బాగుపడ్డాక పనులు చేద్దామని కుంగినవారు అనుకుంటారు. పనులు మానేసినకొద్దీ సంతోషం కలిగే అవకాశాలు తగ్గి, మనసు మరింత కుంగుతుంది. థెరపీ ఈ వరుసను తిరగవేస్తుంది. డ్యూటీకి ముందు పదిహేను నిమిషాల నడక, వారానికి ఒకసారి గదిలోని స్నేహితుడితో కలిసి వంట, ఇలా చిన్న మోతాదులో, వేళ నిర్ణయించుకుని, ఇష్టం ఉన్నా లేకపోయినా మొదలుపెట్టిస్తుంది.

నాలుగవది, సమస్యలను వేరుచేయడం. నదిలో నీటిమట్టం ఈ మనిషి చేతిలో లేదు. ఇంటి కాగితాలను ప్లాస్టిక్ సంచిలో భద్రపరచమని చెప్పడం, నీళ్లొస్తే ముసలివారిని సహాయ కేంద్రానికి ఎవరు తీసుకువెళ్లాలో ముందే మాట్లాడుకోవడం, పొరుగువారి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోవడం చేతిలో ఉన్నాయి. అవి పూర్తయ్యాక వరదవార్తలను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. థెరపీ వరదను ఆపలేదు. రాని వరదలో రోజూ మునిగే మనిషిని ఒడ్డుకు చేర్చగలదు.

ఫలితం ఉంటుందా?

ఉంటుందని మన దేశంలోనే పరీక్షించి చూశారు. గోవాలోని పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, తీవ్రమైన కుంగుబాటు ఉన్న 495 మందితో జరిగిన అధ్యయనం 2017లో ప్రచురితమైంది. వైద్య పట్టాలు లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది కలయికలలో మాటల చికిత్స చేయించారు. మూడు నెలల తరువాత ఆ చికిత్స పొందినవారిలో నూటికి 64 మంది, పొందనివారిలో నూటికి 39 మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. జింబాబ్వే రాజధాని హరారేలో ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్ల వేసుకుని కూర్చున్న పెద్దవయసు స్త్రీలు ఇటువంటి చికిత్సతోనే మంచి ఫలితాలు సాధించారు. 2016లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. అక్కడివారు ఈ బాధను తమ భాషలో 'అతిగా ఆలోచించడం' అంటారు. మన మాటకూ దానికీ ఎంతో దూరం లేదు.

పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో కూడా ఒక ప్రయత్నం జరిగింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ సహాయంతో ఇంటింటా ప్రశ్నలు అడిగి, కుంగుబాటు, ఆందోళన లక్షణాలున్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుల వద్దకు పంపారు. మానసిక సమస్యపై ఉన్న చిన్నచూపు తొలగించడానికి వీధినాటకం వంటి సాధనాలు వాడారు. 2017లో ప్రచురితమైన తొలిదశ ఫలితాల ప్రకారం, లక్షణాలున్నవారిలో వైద్యసేవలు పొందినవారు నూటికి ఒకరికన్న తక్కువ నుంచి పన్నెండు మందికి పైగా పెరిగారు. అడిగేవారు తెలిసినవారై, తమ భాషలో అడిగితే గోదావరి ప్రాంతపు పల్లెవాసులు మనసు విప్పుతారనడానికి ఇది నిదర్శనం.

అందరికీ ఒకే ఫలితం రాదు. గోవా లెక్కలోనే నూటికి 36 మంది మూడు నెలలకు పూర్తిగా కోలుకోలేదు. అటువంటప్పుడు పద్ధతి మార్చవచ్చు, మందులు జోడించవచ్చు. కుంగుబాటు తీవ్రంగా ఉంటే మందులు, థెరపీ కలిపి ఇవ్వడం మేలు. కుంగుబాటు తగ్గించే మందులు మత్తుపదార్థాల వలె వ్యసనం కలిగించేవి కావు. అయితే వైద్యుని అడగకుండా హఠాత్తుగా ఆపకూడదు. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా నీరసాన్నీ దిగులునూ కలిగిస్తాయి కనుక ముందుగా ఆ పరీక్షలు చేయించుకోవడం మంచిది.

ఎవరి దగ్గరకు, ఏ భాషలో?

మందులు రాసేవారు మానసిక వైద్యులు, అంటే సైకియాట్రిస్టులు. మాటల చికిత్స ఎక్కువగా చేసేవారు క్లినికల్ సైకాలజిస్టులు. వీరికి భారత పునరావాస మండలి నమోదు ఉంటుంది. నమోదు ఉన్నదా అని అడగడం మర్యాదకు లోపం కాదు. ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధమైన ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలుంటాయి. పుదుచ్చేరిలో జిప్మర్, కాకినాడలో ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్హాన్స్ ఇటువంటివే.

ఈ చికిత్సకు మాటే సాధనం. అందుచేత భాష ముఖ్యం. బెంగకూ గాభరాకూ భేదం తెలియని చోట చికిత్స దారి తప్పవచ్చు. తెలుగు తెలిసిన థెరపిస్టు కావాలని అడిగే హక్కు రోగికి ఉన్నది. దొరకకపోతే ఫోన్ ద్వారా, వీడియో ద్వారా తెలుగులో మాట్లాడేవారిని వెదకవచ్చు. దుబాసి అవసరమైతే పిల్లలనో, జీవిత భాగస్వామినో కూర్చోబెట్టకూడదు. వారి ఎదుట చెప్పలేని మాటలే చాలాసార్లు చెప్పవలసిన మాటలు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ రాష్ట్రం నుంచైనా, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. భాషను ఎంచుకునే వీలున్నది. తెలుగు అందులో ఒకటి.

చట్టం ఇచ్చే రక్షణ

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే వైద్యసేవలను పొందే హక్కును ఈ చట్టం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత చికిత్స చేసేవారిది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు వంటి కొన్ని సందర్భాలే దీనికి మినహాయింపు. శారీరక వ్యాధులకు వర్తించే ప్రాతిపదికపైనే మానసిక వ్యాధులకూ వైద్యబీమా కల్పించాలని కూడా ఈ చట్టం నిర్దేశించింది.

ఆలస్యం చేయకూడని సందర్భం

దిగులు, నిరాసక్తత రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉండి, నిద్ర, తిండి, పని దెబ్బతింటే సహాయం కోరవలసిన సమయం వచ్చినట్లే. "నేను లేకపోతేనే మేలు" వంటి మాటలు వినిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని సూటిగా, నెమ్మదిగా అడగాలి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చెప్పుకునే దారి దొరుకుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, మాత్రలు, పురుగుమందులు అందుబాటులో లేకుండా చేసి, 14416కు ఫోన్ చేయాలి. ప్రాణాపాయం ఉంటే 112కు ఫోన్ చేయాలి, లేదా దగ్గరలోని అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.

అభ్యాసం

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి. ఈ వారం మనసు కలతపడిన ఒక సందర్భాన్ని తీసుకుని, మొదటి గడిలో ఏం జరిగిందో, రెండవ గడిలో ఆ క్షణాన ఏమనుకున్నారో, మూడవ గడిలో ఆ బాధ పదికి ఎంతో రాయండి. నాలుగవ గడిలో ఆ ఊహకు అనుకూలంగా, ప్రతికూలంగా ఉన్న నిజాలు రాసి, బాధకు మళ్లీ అంకె వేయండి. అంకె తగ్గితే పద్ధతి అర్థమైనట్లే. తగ్గకపోతే ఆ కాగితాన్నే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. మాట ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ఇంత చెబితే చాలు: "రెండు వారాలుగా సరిగా నిద్ర పట్టడం లేదండి. పని మీద మనసు నిలవడం లేదు." మిగతా ప్రశ్నలు వారే అడుగుతారు.