ఆకలితో కొలిచే అందం

 

ఉపాసకులారా, ఉపాసికలారా! లాహోర్ మ్యూజియంలో ఒక గాంధార శిల్పం ఉంది. నిరాహార తపస్సులో కూర్చున్న సిద్ధార్థుడు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కళ్ళు గుంటలు పడ్డాయి, నరాలు పైకి తేలాయి. చూసినవాళ్ళకు చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ ఆ స్థితిని సిద్ధార్థుడే వదిలేశాడు. ఒళ్ళు ఎండబెడితే జ్ఞానం రాదని తెలుసుకుని, సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడు. అన్నం తిన్నందుకే తోటి తపస్వులు ఐదుగురూ ఆయన్ని వదిలి వెళ్ళిపోయారు! బోధి కలిగింది ఆ అన్నం తర్వాతే.

ఇవాళ అదే ఆకలి తపస్సు ఫ్యాషన్ ర్యాంపు మీద జరుగుతోంది. డిజైనర్లు నమూనా బట్టలు ఒక చిన్న కొలతకు ముందే కుట్టి ఉంచుతారు. ఆ బట్టలో పట్టే అమ్మాయికి పని దొరుకుతుంది, పట్టని అమ్మాయి ఇంటికి. 2006 ఆగస్టులో ఉరుగ్వే దేశంలోని మాంటెవీడియోలో లూయిసెల్ రామోస్ అనే 22 ఏళ్ళ మోడల్ షోలో నడిచి వచ్చి గుండె ఆగి చనిపోయింది. అదే ఏడు నవంబరులో బ్రెజిల్ మోడల్ ఆనా కరొలీనా రెస్టన్ అనోరెక్సియా జబ్బుతో పోయింది, 21 ఏళ్ళు. 2007 ఫిబ్రవరిలో లూయిసెల్ చెల్లెలు ఎలియానా. ఆమే మోడలే. 18 ఏళ్ళు.

2006 సెప్టెంబరులో మాడ్రిడ్ ఫ్యాషన్ షో వాళ్ళు బీఎంఐ 18 కంటే తక్కువ ఉన్నవాళ్ళను ర్యాంపు ఎక్కనివ్వలేదు. అంటే 1.75 మీటర్ల పొడుగున్న అమ్మాయి కనీసం 55 కిలోలు ఉండాలన్నమాట. ఫ్రాన్సులో 2017 నుంచి మోడల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ప్రకటన ఫొటోలో ఒంటిని సన్నగానో లావుగానో మారిస్తే ఆ సంగతి రాయాలి. మంచి చట్టాలే. అయితే అద్దం ముందు నిలబడి ఆ పిల్ల తనను తాను తిట్టుకునే తిట్లకు ఏ చట్టమూ లేదు.

పరాయి చూపు మన ఒంటికి వెల కట్టడం మనవాళ్ళకు కొత్తా? మన ఆడపిల్లలు రంగు గురించి ఎన్ని మాటలు పడ్డారు! ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2020లో పేరు మార్చుకుంది. పెళ్ళి ప్రకటనల్లో మాత్రం తెల్లపిల్లే కావాలి. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు చెప్పింది ఇక్కడ గుర్తు చేసుకోండి. గడ్డికీ చెట్టుకీ పక్షికీ పుట్టుకతో వేరువేరు గుర్తులున్నాయి, మనుషుల్లో జుట్టు గానీ ముక్కు గానీ రంగు గానీ అలాంటి తేడా చూపవు అన్నాడు. కులాన్ని కొట్టేసిన ఆ మాటే ఈ కొలతల టేపునూ కొట్టేస్తుంది.

లకుంటక భద్దియుడు అనే భిక్షువు ఉండేవాడు. పొట్టి, రూపం బాగోదు. తోటి భిక్షువులే ఎగతాళి చేసేవాళ్ళు. బుద్ధుడు "నువ్వూ అందగాడివే" అని ఊరడించలేదు. వాళ్ళ ముందే ఆయన సాధించిన జ్ఞానాన్ని మెచ్చుకున్నాడు, మధుర స్వరం ఉన్నవాళ్ళలో మొదటివాడన్నాడు. ఈనాడు "అందరూ అందగత్తెలే" అని రాసే ప్రకటనలకంటే ఇది నాకు ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది.

విహారాల్లో నేర్పేవాళ్ళకు ఒక సంగతి. ఒంట్లోని 32 భాగాలను తలచుకునే ధ్యానం అందం మత్తులో ఉన్నవాళ్ళకు మందు. ఇప్పటికే ఒళ్ళంటే అసహ్యం పుట్టి తిండి మానేసిన పిల్లకు ఆ మందు ఇవ్వొద్దు. వైశాలిలో కొందరు భిక్షువులు ఆ భావనతో ఒంటిమీద రోత పుట్టి ప్రాణాలు తీసుకున్నారని పిటకమే చెబుతోంది. అప్పుడు బుద్ధుడు మిగిలినవాళ్ళను పిలిచి ఆనాపానసతి నేర్పాడు. శ్వాస వస్తోంది, పోతోంది, అంతే. అందులో సన్నం లేదు, లావు లేదు. ఆ పిల్లకు మెత్తా భావన కూడా నేర్పండి, మొదట తన మీద తనకే.

ఇంట్లో పిల్ల తిండి దాచేస్తున్నా, నెలసరి ఆగిపోయినా, కళ్ళు తిరిగి పడిపోతున్నా ధ్యానంతో సరిపెట్టకండి. మందలించొద్దు. బరువు మాట ఎత్తకుండా పక్కన కూర్చుని తినండి, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.