ఎడారిలో వజ్రములు

ఆఫ్రికా ఖండము దక్షిణభాగమున బోత్స్వానా యను దేశము కలదు. అందు అధికభాగము కలహారి ఎడారి. ఎనుబదియేండ్లు బ్రిటిషువారి రక్షణలో నుండిన యీ దేశము 1966 సెప్టెంబరు 30వ తేదీన స్వాతంత్ర్యము పొందెను. అప్పటికి దేశమంతటను గట్టిబాట 12 కిలోమీటర్లు మాత్రమే యుండెను. పట్టభద్రులు 22 మంది. పశువుల మందలే ప్రజలకు ఆస్తి. కఱవు వచ్చి ఆ మందలును క్షీణించియుండెను.

గని త్రవ్వుటకు ముందు గనిని వెదకవలెను. వెదకుటకు శాస్త్రజ్ఞులు, యంత్రములు, ధనము కావలెను. ఎన్నియేండ్లు వెదకినను ఫలము దొరకునను నిశ్చయము లేదు. అట్టి వ్యయమును పేదప్రభుత్వము భరింపజాలదు. డి బీర్స్ అను విదేశసంస్థ 1955 నుండి అచ్చట వజ్రములకై వెదకుచుండెను. పండ్రెండేండ్లకు, 1967లో, ఒరాపా యనుచోట గొప్ప వజ్రక్షేత్రము బయల్పడెను.

ఈ వెదకులాటలో చెదపురుగులు సయితము తోడ్పడెను. వజ్రములుండు శిలలో వేఱు ఖనిజములు కొన్ని కలిసియుండును. చెదలు తేమకొఱకు ఇసుకక్రింద మిక్కిలి లోతునకు పోయి, ఆ ఖనిజరేణువులను మన్నుతో పైకి తెచ్చి పుట్టలు పెట్టును. శాస్త్రజ్ఞులు పుట్టమన్ను పరీక్షించి లోపలి శిల జాడ తెలిసికొందురు.

వజ్రములు దొరకినవి, అవి ఎవరి సొత్తు? ఒరాపా యున్న నేల బామంగ్వాటో తెగవారిది. ప్రథమాధ్యక్షుడు సెరెట్సే ఖామా ఆ తెగ రాజవంశమున పుట్టినవాడు. ఆ సంపద తెగకే చెందినచో ఆయనవారు ధనవంతులగుదురు. తక్కిన తెగలవారు పేదలుగనే యుందురు. అందుండి వైరము పుట్టుట సహజము. కాని ఆయన ప్రభుత్వము 1967లో చట్టముచేసి ఖనిజములపై హక్కును దేశమంతటికిని చెందజేసెను.

పిమ్మట విదేశసంస్థతో బేరము. 1969లో ఏర్పడిన గనుల సంస్థలో ప్రభుత్వమునకు నూటికి 15 వంతులు మాత్రమే యుండెను. త్రవ్వకమునకు ముందు ధనము గలవానిదే పైచేయి. త్రవ్విన పిదప గనిని మూటగట్టి కొనిపోవుట ఎవరితరము? ఈ సంగతి గ్రహించి ప్రభుత్వము గనిని బలిమిని లాగికొనక, ఓర్పుతో మరల సంప్రదింపులు జరిపెను. 1975లో దాని వాటా నూటికి 50 ఆయెను. లాభమున వాటాయే గాక పన్నులును ఖజానాకు చేరెను. 1982లో తెఱచిన జ్వానెంగ్ గని, త్రవ్వితీసిన వజ్రముల విలువనుబట్టి ప్రపంచమున మేటియని పేరొందినది.

పంట కోసిన చేను మరల పండును. త్రవ్విన గని మరల నిండదు. కావున ప్రభుత్వము ఆ ధనమును బాటలకు, వైద్యశాలలకు, పాఠశాలలకు వెచ్చించెను. 1980లో ప్రాథమికవిద్యకు రుసుము తీసివేసెను. భావితరములకై 1994లో ఒక నిధి నెలకొల్పెను. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి యీ దేశమును మిక్కిలి వెనుకబడిన దేశముల పట్టికనుండి తొలగించెను.

అయినను కష్టములు తీరలేదు. గనులలో యంత్రములకు పని హెచ్చు, మనుష్యులకు తక్కువ. అందువలన నిరుద్యోగము మిగిలినది. కలవారికిని లేనివారికిని నడుమ అంతరము పెద్దది. ఒక్క సరకును నమ్ముకొనుటలో అపాయమును కలదు. 2009లో గిరాకి పడిపోగా గనుల పని కొన్నినెలలు నిలిచిపోయెను. ఇటీవల ప్రయోగశాలలలో తయారగు వజ్రములు వీనికి పోటీగా వచ్చినవి.

1976లో వెలువడిన ఆ దేశపు నాణెమునకు ‘పులా’ యని పేరు. పులా యనగా వాన. వాన కురిసిననాడే చెఱువు నింపుకొనవలెనని ఎడారివాసులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.