టాపెట్ కవర్ మార్చే కుర్రాళ్లకు ఎనిమిది మాటలు

పాత మారుతి 800నో జిప్సీనో కొనుక్కుని సొంతంగా బాగుచేసుకునే కుర్రాళ్లు బానెట్ ఎత్తగానే ముందు కన్నేసేది టాపెట్ కవర్ మీదే. నాలుగు బోల్టులు విప్పితే చేతికొస్తుంది, రంగేస్తే ఇంజిన్ రూపే మారిపోతుంది. జిగణి పారిశ్రామికవాడలో మెషిన్ షాపు పని చేస్తూ తల నెరిసినవాణ్ని, ఆ ఉత్సాహం చూస్తే నాకు సంతోషం. అయితే ఆ కవర్‌కు రెండు బాధ్యతలున్నాయి. ఆయిల్‌ను లోపలే ఉంచాలి, ఇంజిన్ లోపల పుట్టే పొగను సరైన దారిన పంపాలి. అవి రెండూ కుదిరాకే అందం సంగతి.

1. లీకు ఎక్కడిదో ముందు తేల్చుకోండి

ఆయిల్ కనబడగానే కొత్త కవర్ కొనేయకండి. పైన కారిన ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. ఇంజిన్ శుభ్రంగా తుడిచి, కాసేపు నడిపి, టార్చి వేసి పైనుంచి చూసుకుంటూ రండి. చాలాసార్లు లోపం కవర్‌ది కాదు, వేడికి గట్టిపడి పగిలిన ప్యాకింగ్‌ది. ప్లగ్ గుంతలో ఆయిల్ నిలిచి ఇంజిన్ మిస్ కొడుతుంటే ప్లగ్ ట్యూబు సీళ్లు పోయి ఉంటాయి. ప్యాకింగ్‌తో పాటే వాటినీ మార్చేయండి.

2. విప్పకముందే కడగండి

జిగణిలో గ్రానైట్ ఫ్యాక్టరీలు ఎక్కువ. రాతిపొడి బానెట్ కిందికీ చేరుతుంది, జిడ్డుతో కలిసి కవర్ అంచున పేరుకుంటుంది. కవర్ ఎత్తిన క్షణంలో అదంతా క్యామ్ మీద పడుతుంది. ఆయిల్‌లో కలిసిన రాతిపొడి బేరింగుల్ని అరగదీస్తుంది. ముందు బ్రష్షుతో శుభ్రం చేయండి, విప్పాక పోగులు ఊడని గుడ్డ కప్పండి.

3. మెరుపు వేరు, సమతలం వేరు

పాలిష్ పట్టిన గ్రానైట్ పలక అద్దంలా మెరుస్తుంది. దాని మీద పెట్టి కవర్ వంకర చూడకూడదు. మెషిన్ షాపు కొలతల గదిలో ఉండే గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్ వేరే వస్తువు, దాని చదును మైక్రాన్లలో కొలిచి ఉంటుంది. కవర్‌ను దాని మీద బోర్లించి, చుట్టూ ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.10 మి.మీ. రేకు సులువుగా దూరిన చోట వంపు ఉన్నట్టే లెక్క వేసుకుంటాను. అల్యూమినియం పోత కవరైతే పలచగా ఒక కోత వేయించాలి. ఇనుప రేకు కవరైతే బోల్టు రంధ్రాల చుట్టూ లోపలికి కుంగి ఉంటుంది. చెక్కదిమ్మ మీద పెట్టి మెల్లగా కొట్టి సరిచేయవచ్చు.

4. బ్లాస్టింగ్ ఇసుకకు భయపడండి

పాత రంగు పోవడానికి కవర్‌ను బ్లాస్టింగ్‌కు ఇస్తారు. కవర్ లోపల బాఫిల్ అనే రేకు రివెట్లతో బిగించి ఉంటుంది, దాని వెనక ఖాళీలో బ్లాస్టింగ్‌కు వాడే ఇసుక, గాజుపూసలు దాక్కుంటాయి. ఒక కుర్రాడు బ్లాస్టింగ్, పౌడర్ కోటింగ్ రెండూ చేయించి, రెండుసార్లు కడిగానని చెప్పి కవర్ తెచ్చాడు. తెల్లకాగితం పరిచి, కవర్‌ను బోర్లించి చెక్కపిడితో తట్టాం. కాగితం మీద సన్నటి గాజుపూసలు చిటికెడు రాలాయి. మళ్లీ తట్టాం, మళ్లీ రాలాయి. ఆ కవర్ అలాగే ఇంజిన్ మీద ఎక్కి ఉంటే ఆ పూసలన్నీ ఆయిల్‌తో పాటు తిరిగేవి. బాఫిల్ ఊడదీయకుండా బ్లాస్టింగ్ చేయించకండి. ఊడదీసే వీలు లేకపోతే రసాయనంతో రంగు తీయించండి.

5. ఇంజిన్ ఊపిరి మూయకండి

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు కిందికి జారుతుంది. కవర్ మీది బ్రీదర్ పైపు, పీసీవీ వాల్వు దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపుతాయి. దారిలో ఆయిల్ తుంపరను విడదీసేది ఆ బాఫిలే. అందం కోసం చేయించిన కవర్‌లో బాఫిల్ లేకపోతే ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పోయి నీలం పొగ వస్తుంది. బ్రీదర్ మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి సీళ్లు కారడం మొదలవుతుంది. పైపును గాలికి వదిలేయడమూ కుదరదు. పెట్రోల్ బండి క్రాంక్‌కేస్ వాయువు బయటికి రాకూడదన్నది భారత్ స్టేజ్ నిబంధన.

6. లోపలి ఖాళీ కొలవండి

వేరే కవర్ పెడుతుంటే రాకర్ తగులుతుందేమో చూడాలి. రాకర్ల మీద మెత్తటి క్లే ముద్ద పెట్టి, కవర్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. అప్పుడు క్యామ్ ఒక చుట్టు పూర్తిగా తిరుగుతుంది. విప్పి, ముద్ద ఎంత పలచబడిందో చూస్తే ఖాళీ ఎంతో తెలిసిపోతుంది. ఎలాగూ కవర్ తెరిచారు కాబట్టి టాపెట్ గ్యాప్ కూడా మాన్యువల్ ప్రకారం సరిచూసుకోండి.

7. బలం కాదు, వరస ముఖ్యం

నలభై సెంటీమీటర్ల అల్యూమినియం కవర్ 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే అర మిల్లీమీటరు పైనే సాగుతుంది. కింద పోత ఇనుము హెడ్ ఉంటే అది అందులో సుమారు సగమే సాగుతుంది. ఆ తేడాను భరించేది ప్యాకింగ్ ఒక్కటే. దాన్ని నలిపేస్తే లీకును మనమే పిలిచినట్టు. 6 మి.మీ. బోల్టులకు చాలా ఇంజిన్లలో 10 న్యూటన్ మీటర్లకు అటూఇటూ చాలు, కొన్నింటికి అందులో సగమే. మాన్యువల్ చూసి, టార్క్ రెంచితో, నడుమ నుంచి అంచులకు, రెండు విడతల్లో బిగించండి. సిలికాన్ పేస్టు మాన్యువల్ చెప్పిన మూలల్లో చుక్క చొప్పునే. ఎక్కువైతే లోపలికి పొంగి, తెగి, ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది.

8. రంగు చివర, పాత కవర్ భద్రం

1950లలో ఫెరారీ టెస్టా రోసా రేసు కార్లు ఎర్రరంగు కవర్లతో పేరు పడ్డాయి. మీకూ ఆ ముచ్చట ఉండడం తప్పు కాదు. పౌడర్ కోటింగ్ సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుతుంది, కాబట్టి రబ్బరు సీళ్లన్నీ ముందే తీసేయండి. ప్యాకింగ్ కూర్చునే అంచుకు, బోల్టు కూర్చునే చోటుకు రంగు అంటనివ్వకండి. ప్లాస్టిక్ కవర్‌ను ఆ పొయ్యిలో పెట్టనే పెట్టకండి. కొత్తది బిగించాక పాతదాన్ని గుజిరీకి వేయొద్దు. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. కంపెనీ కవర్ నానాటికీ అరుదవుతుంది. ఆయిల్ రాసి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టండి. రేపు ఆ బండిని మళ్లీ అసలు రూపానికి తేవాలనుకునేవాడికి అది కొత్త కవర్ కన్నా విలువైనది.