విమాన మైళ్ళు, బిజినెస్ తరగతి సీటు – షరీఅత్ దృష్టిలో

నిజామాబాద్‌కు చెందిన ఒక సోదరుడు దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఆయన తల్లిగారికి డెబ్బై ఏళ్ళు దాటాయి. మోకాళ్ళు వంగవు. ఆమెను ఉమ్రాకు తీసుకువెళ్ళాలన్నది ఆయన చిరకాల కోరిక. హైదరాబాద్ నుంచి జిద్దాకు దాదాపు ఆరు గంటల ప్రయాణం. అంతసేపు కాళ్ళు మడుచుకుని కూర్చోవడం ఆ పెద్దావిడకు సాధ్యం కాదు. కాళ్ళు చాపుకుని పడుకోగలిగే బిజినెస్ తరగతి సీటు డబ్బు పెట్టి కొనే స్తోమత కుమారునికి లేదు. అయితే ఆయన ఖాతాలో విమాన సంస్థవారు ఇచ్చిన పాయింట్లు ఉన్నాయి. వాటితో తల్లికి ఆ సీటు తీసుకుని, తాను అదే విమానంలో సాధారణ తరగతిలో కూర్చుంటానని, ఇది ధర్మసమ్మతమేనా అని మమ్మల్ని అడిగారు.

ఆయన ఇచ్చిన లెక్కను సులువుగా అర్థం కావడానికి కొంచెం గుండ్రంగా చెబుతాము. రానూపోనూ ప్రయాణానికి 70 వేల పాయింట్లు కావాలి. సొంత డబ్బుతో కొన్న టిక్కెట్ల మీద వచ్చినవి 25 వేలు. కంపెనీ పని మీద తిరిగినప్పుడు వచ్చినవి 20 వేలు. హైదరాబాద్‌లోని బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ కార్డు ద్వారా వచ్చినవి 15 వేలు. ఇంకా 10 వేలు తక్కువ. వాటిని చౌకగా ఇప్పిస్తానని ఒక ఏజెంటు ముందుకు వచ్చాడట.

పైకి చూస్తే ఇది ఒకే ప్రశ్న. నిజానికి ఇందులో నాలుగు ప్రశ్నలున్నాయి. పాయింట్లన్నీ ఒకే ఖాతాలో, ఒకే అంకెగా కనిపిస్తాయి గనుక మనం ఆ తేడాను గమనించము. షరీఅత్ మాత్రం ఒక వస్తువు చేతికి ఎలా వచ్చిందో చూసి తీర్పు చెబుతుంది.

పాయింట్లంటే ఏమిటి?

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో తన ప్రయాణికుల కోసం ఇటువంటి పథకాన్ని ప్రారంభించింది. తర్వాత మిగిలిన సంస్థలూ అదే బాట పట్టాయి. మొదట్లో ఎన్ని మైళ్ళు ప్రయాణిస్తే అన్ని మైళ్ళు ఖాతాలో పడేవి, అందుకే వీటికి ఆ పేరు. ఇప్పుడు చాలా సంస్థలు దూరాన్ని కాక, టిక్కెట్టుకు పెట్టిన ఖర్చును బట్టి ఇస్తున్నాయి. బ్యాంకులు కూడా విమాన సంస్థల నుంచి పాయింట్లను టోకుగా కొని తమ కార్డుదారులకు పంచుతాయి. ఖాళీగా ఉండే సీట్లలో కొన్నింటిని సంస్థ ఈ పాయింట్లకు ఇస్తుంది. పన్నులు, కొన్ని రకాల రుసుములు మాత్రం నగదుగానే కట్టాలి. కాబట్టి "ఉచిత టిక్కెట్టు" అన్నమాట పూర్తిగా నిజం కాదు.

ఇవి డబ్బు కావు. బజారులో వీటితో బియ్యం కొనలేము. చాలా సంస్థల నిబంధనల ప్రకారం ఇవి ప్రయాణికుని ఆస్తి కూడా కావు. గడువు దాటితే రద్దవుతాయి. నిన్న 30 వేలకు వచ్చిన సీటుకు రేపు 45 వేలు అడిగే అధికారాన్ని సంస్థ తన దగ్గరే ఉంచుకుంటుంది. ఒక ప్రయాణికుని సభ్యత్వాన్ని సంస్థ రద్దు చేసిన వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళితే, 2014లో ఆ కోర్టు విమాన సంస్థ పక్షానే తీర్పు చెప్పింది. ఫిఖహ్ పరిభాషలో చెప్పాలంటే ఇవి చేతికి అందిన కానుక (హిబా) కంటే, కానుక ఇస్తామన్న వాగ్దానానికే దగ్గరగా ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోవాలి. మున్ముందు అవసరమవుతుంది.

సొంత టిక్కెట్టు మీద వచ్చినవి

ఇందులో చిక్కేమీ లేదు. కూరగాయలమ్మి కిలో తూచి, పైన నాలుగు మిరపకాయలు కొసరు వేస్తుంది. అది వడ్డీ కాదు. అమ్మేవాడు తన ఇష్టంతో సరుకు పెంచి ఇవ్వవచ్చునని హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలు స్పష్టంగా చెబుతున్నాయి. విమాన టిక్కెట్టు కొనడం అప్పు ఇవ్వడం కాదు, అద్దె ఒప్పందం (ఇజారా). డబ్బిచ్చి ప్రయాణమనే సేవను కొంటున్నాము. సేవ చేసేవాడు ఇచ్చిన కొసరే ఈ పాయింట్లు. ఇవి హలాల్. భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు వీటితో టిక్కెట్టు తీసి ఇవ్వడానికి సంస్థ అనుమతిస్తే అదీ హలాలే.

కంపెనీ డబ్బుతో తిరిగినప్పుడు వచ్చినవి

ఇక్కడ కొంచెం ఆగాలి. హజ్రత్ అబూ హుమైద్ సాఇదీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ ఉంది. అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని దైవప్రవక్త (స) జకాత్ వసూలుకు పంపారు. ఆయన తిరిగి వచ్చి కొంత సొమ్ము మీదని, కొంత తనకు కానుకగా వచ్చిందని వేరు చేసి చూపారు. దైవప్రవక్త (స) దాన్ని తీవ్రంగా ఆక్షేపించారు. ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదేమో చూసుకోవలసిందని మింబర్ మీద నుంచే మందలించారు.

మన ప్రశ్నకు ఇదే గీటురాయి. ఈ సోదరుడు నిజామాబాద్‌లో తన ఇంట్లో కూర్చుని ఉంటే ఆ 20 వేల పాయింట్లు వచ్చేవా? రావు. కంపెనీ టిక్కెట్టు కొన్నది గనుక వచ్చాయి. కాబట్టి వాటి మీద మొదటి హక్కు కంపెనీదే. కంపెనీ వాటిని ఉద్యోగికే వదిలేస్తే అవి ఆయనకు హలాల్ అవుతాయి. నిబంధనల్లో ఏమీ రాసి లేకపోయినా, ఆ సంస్థలో అందరికీ తెలిసేటట్టు ఉద్యోగులే వాడుకోవడం ఆనవాయితీ అయితే అది కూడా అనుమతి కిందికే వస్తుంది. నలుగురిలో స్థిరపడిన ఆచారం రాసుకున్న షరతుతో సమానమని ఫిఖహ్ నియమం ఉంది. అయినా ఒక్క ఉత్తరం రాసి అడిగితే పోయేదేముంది? మనసులో ముల్లు ఉండదు.

ప్రభుత్వోద్యోగుల సంగతి వేరు. అధికారిక ప్రయాణాల మీద వచ్చిన మైళ్ళను మళ్ళీ అధికారిక ప్రయాణాలకే వాడాలని, సొంత ప్రయాణానికి వాడితే శాఖాపరమైన చర్య ఉంటుందని భారత ప్రభుత్వ ఆర్థిక శాఖ ఆదేశించింది. అలా ఆదేశమున్న చోట వాటితో ఉమ్రా చేసినా సరే, అది అమానతులో ఖియానతే.

ఇంకొక జబ్బు కూడా ఉంది. తన ఖాతా ఉన్న విమానమైతే పాయింట్లు పడతాయని, చౌక టిక్కెట్టు దొరుకుతున్నా కంపెనీ చేత ఖరీదైనది కొనిపించేవారు ఉన్నారు. పాయింట్లు ఉద్యోగివేనని కంపెనీ చెప్పినా సరే, ఈ పని ధర్మసమ్మతం కాదు. యజమాని జేబు నుంచి తీసి తన జేబులో వేసుకోవడమే అవుతుంది.

బ్యాంకు కార్డు ద్వారా వచ్చినవి

డెబిట్ కార్డులో మన సొమ్మే మనం ఖర్చు పెడతాము గనుక ఆ పాయింట్లు హలాలని, క్రెడిట్ కార్డులో అప్పు ఉంది గనుక అవి హరామని చాలామంది అనుకుంటారు. వ్యవహారం అంత సూటిగా లేదు.

బ్యాంకు ఖాతాలో మనం వేసిన సొమ్ము షరీఅత్ దృష్టిలో బ్యాంకుకు మనం ఇచ్చిన అప్పు (ఖర్జ్). ఇక్కడ అప్పు ఇచ్చినవాళ్ళం మనమే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సలామ్ (రజి) మదీనాలో అబూ బుర్దాకు చేసిన హితవు సహీహ్ బుఖారీలో ఉంది. అప్పు తీసుకున్నవాడు గడ్డిమోపో, కొద్దిపాటి బార్లీయో కానుకగా పంపినా తీసుకోవద్దని, అది వడ్డీ అని ఆయన హెచ్చరించారు. అందువల్ల డెబిట్ కార్డు మీద బ్యాంకు తన తరఫున ఇచ్చే పాయింట్లను మన ముఫ్తీలలో పలువురు అనుమతించరు. విమాన సంస్థో, దుకాణదారో తన తరఫున ఇస్తే అభ్యంతరం లేదు. అది పైన చెప్పిన కొసరే.

దైవప్రవక్త (స) తాను తీసుకున్న ఒంటెకు బదులు అంతకంటే మంచి ఒంటెను తిరిగి ఇచ్చారు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది ఏ షరతూ లేకుండా తీర్చేటప్పుడు చూపిన ఔదార్యం. బ్యాంకు పాయింట్లు అలా కాదు. ఇన్ని రూపాయలకు ఇన్ని పాయింట్లని ముందే ప్రకటించి ఇచ్చేవి.

క్రెడిట్ కార్డులో అప్పు ఇచ్చేది బ్యాంకు, పాయింట్లు ఇచ్చేదీ బ్యాంకే. అప్పు ఇచ్చినవాడే అప్పు తీసుకున్నవాడికి కానుక ఇస్తే అది వడ్డీ కాదు. కాబట్టి దోషం పాయింట్లలో లేదు, కార్డు ఒప్పందంలో ఉంది. గడువు దాటితే వడ్డీ కడతానని మనం ముందే సంతకం చేస్తున్నాము. ఇస్లామీ సమావేశ సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 2000 సంవత్సరంలో రియాద్ సమావేశంలో దీన్ని చర్చించింది. వడ్డీ షరతు ఉన్న క్రెడిట్ కార్డును, గడువులోగా కట్టే ఉద్దేశం ఉన్నా సరే, వాడటం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. మరికొందరు పెద్ద పండితులు అవసరమున్నప్పుడు, గడువులోగా మొత్తం కట్టే కట్టుదిట్టమైన ఏర్పాటుతో వాడటాన్ని అనుమతించారు. ఈ రెండో మాటను నిజాయితీగా పాటించేవారిని మేము తప్పుపట్టము. కాని పాయింట్ల ఆశతోనే కార్డు తీసుకోవడం అవసరం కిందికి రాదు. పాయింట్ల కోసం అక్కరలేని వస్తువు కొని, ఒక నెల కట్టలేక, వచ్చిన పాయింట్ల విలువకు పదింతలు వడ్డీ కట్టిన ఇళ్ళు మాకు తెలుసు.

ఆ సోదరునికి మేము చెప్పింది ఇది: అల్లాహ్ గృహానికి వెళ్ళే ప్రయాణంలో వివాదమున్న 15 వేలను పక్కన పెట్టండి. డెబిట్ కార్డు మీద బ్యాంకు ఇచ్చినవి ఎవరి దగ్గరైనా ఉంటే వాడకుండా వదిలేయవచ్చు. లేదా సంస్థ వీలు కల్పిస్తే పుణ్యాన్ని ఆశించకుండా పేదలకు చేరేటట్టు చూడవచ్చు.

పాయింట్లు కొనడం

విమాన సంస్థలే పాయింట్లు అమ్ముతున్నాయి. కొన్నిసార్లు కొన్నదానికి సమానంగా అదనపు పాయింట్లు ఇస్తామని కూడా ప్రకటిస్తాయి. వంద కొంటే రెండు వందలు వస్తున్నాయి, ఇది వడ్డీ కదా అని అడుగుతారు. కాదు. రెండు పక్కలా డబ్బు ఉంటే ఆ ప్రశ్న వస్తుంది. ఇక్కడ ఒక పక్క డబ్బు, మరో పక్క ప్రయాణ సేవ పొందే హక్కు.

ఇందులోని ఆక్షేపణ వేరే ఉంది. అదే గరర్, అంటే అనిశ్చితి. దైవప్రవక్త (స) గరర్‌తో కూడిన అమ్మకాన్ని నిషేధించారని సహీహ్ ముస్లింలో ఉంది. ఫిఖహ్ పండితులు దీనికి గాలిలో ఎగిరే పక్షిని, నీటిలో ఉన్న చేపను అమ్మడం ఉదాహరణగా చెబుతారు. ఏ ఊరికి, ఏ తేదీకి, ఏ సీటుకో తెలియకుండా, ఎప్పుడో పనికివస్తాయని లక్ష పాయింట్లు కొని పెట్టుకున్నవాడు కొన్నది ఏమిటి? రేపు సంస్థ లెక్క మార్చవచ్చు. మూతపడవచ్చు కూడా. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో విమానాలు ఆపివేయడం మన కళ్ళ ముందే జరిగింది. ఇలా కొని నిల్వ చేయడం సరికాదని మా అభిప్రాయం.

అయితే కావలసిన తేదీకి, కావలసిన సీటు పాయింట్లకు ఖాళీగా ఉందని ముందు చూసుకుని, తక్కువైనంత మాత్రమే సంస్థ దగ్గర కొని, వెంటనే ఆ సీటు తీసుకుంటే అనిశ్చితి చాలావరకు తొలగిపోతుంది. పలానా ప్రయాణానికి కొంత పాయింట్ల రూపంలో, కొంత నగదు రూపంలో చెల్లించినట్టే. ఇది జాయిజ్. కొనే ముందు మామూలు టిక్కెట్టు ధరతో పోల్చి చూడండి. పాయింట్ల ఖర్చు, పన్నులు కలిపితే టిక్కెట్టు ధరను మించిపోయే సందర్భాలూ ఉన్నాయి.

ఏజెంటు మాట వేరు. అతడు అమ్మేది ఇతరుల ఖాతాల్లోని పాయింట్లు. సంస్థల నిబంధనలు దీన్ని సాధారణంగా నిషేధిస్తాయి. సభ్యత్వం తీసుకునేటప్పుడు ఆ నిబంధనలకు ఒప్పుకున్నాము. ఒప్పందాలను నెరవేర్చమని దివ్యఖుర్ఆన్ (5:1) విశ్వాసులను ఆదేశిస్తోంది. ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉంటారని, హలాల్‌ను హరామ్‌గా, హరామ్‌ను హలాల్‌గా మార్చే షరతు మాత్రమే దీనికి మినహాయింపని తిర్మిజీ హదీసు వల్ల తెలుస్తోంది. పైగా తన చేతిలో లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు చెప్పారు. విమానాశ్రయంలో ఎవరైనా అడిగితే ఖాతాదారు మీ బంధువని చెప్పండి అని ఆ ఏజెంటు ముందే నేర్పాడట! అబద్ధం చెప్పి ఎక్కే విమానంలో ఇహ్రామ్ కట్టుకుని "లబ్బైక్" అనడం ఎలా కుదురుతుంది?

ఇక బిజినెస్ తరగతి దుబారా (ఇస్రాఫ్) కాదా అన్నది. నడవలేని తల్లికి అది అవసరం. కాళ్ళూ చేతులూ బాగున్నవాడు ఫోటో తీసి బంధువులకు పంపడానికి ఎక్కితే అతని సంగతి అతనే ఆలోచించుకోవాలి. కొన్ని విమానాల్లోనూ, విమానాశ్రయ విశ్రాంతి గదుల్లోనూ మద్యం వడ్డిస్తారు. మద్యం తిరిగే భోజనపు బల్ల దగ్గర కూర్చోవద్దన్న హదీసు తిర్మిజీలో ఉంది కాబట్టి అక్కడ దూరంగా ఉండాలి. సౌదియా విమానాల్లో మద్యం ఇవ్వరు.

ఈ పాయింట్ల మీద జకాత్ ఉందా అని కూడా ఆయన అడిగారు. లేదు. వీటి మీద సంపూర్ణ యాజమాన్యం లేదు, ఇవి వెండి, బంగారం, నగదు, వ్యాపార సరుకు కావు.

మా జవాబు అందాక ఆయన కంపెనీని అడిగారు. ఆ పాయింట్లు ఉద్యోగులవేనని వారు రాసి ఇచ్చారు. ఆ 20 వేలు, సొంతవి 25 వేలు కలిపి 45 వేలు. ఒక్క వైపు ప్రయాణానికి 35 వేలు చాలు. ఏజెంటునూ వదిలేశారు, కార్డు పాయింట్లనూ పక్కన పెట్టారు. రెండో వైపు సాధారణ తరగతిలో నడవ పక్క సీటు, చక్రాల కుర్చీ అడిగి పెట్టుకున్నారు. పడుకునే సీటు ఏ వైపు కావాలో తల్లిగారినే ఎంచుకోమన్నారు. తవాఫ్, సయీ అయ్యాక కాళ్ళు ఎక్కువ నొస్తాయి, వచ్చేటప్పుడు తీసుకో నాయనా అని ఆమె అన్నారట.