కోడ్ ఎడిటర్ల ఎంపిక - ఒక పరిశీలన

ఏ వృత్తిలోనైనా పనికి తగిన పనిముట్టు అవసరం. ఉర్దూ పత్రికలను చేతితో రాసిన కాతిబులు తమ కలపు పాళీని తామే చెక్కుకొనేవారు. అక్షరపు వంపు ఆ పాళీ కోణంపై ఆధారపడి ఉండేది గనుక, ఆ పనిని వారు ఇతరులకు వదలలేదు. నేడు వెబ్ పుటలను నిర్మించేవారికి కోడ్ ఎడిటర్ అటువంటి పనిముట్టు. కొత్తగా ఈ విద్యలో ప్రవేశించిన విద్యార్థి మొదట వేసే ప్రశ్న "ఏ ఎడిటర్ మంచిది?" అన్నది. దీనికి పేరు ఒకటి చెప్పి ఊరుకొనుట సులభం. కాని ఉర్దూలోను, తెలుగులోను పుటలను తీర్చవలసిన మన విద్యార్థులకు ఆ సమాధానం చాలదు. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను మన అవసరాల దృష్టితో పరిశీలించుదము.

ఎడిటర్ అనగా నేమి?

కోడ్ ఎడిటర్ అనగా సాదా పాఠాన్ని రాసి, సవరించి, భద్రపరచే సాధనం. ఉత్తరాలు, నివేదికలు తయారుచేసే వర్డ్ ప్రాసెసర్ వేరు, ఇది వేరు. వర్డ్ ప్రాసెసర్ మనం టైపు చేసిన నిలువు కొటేషన్ గుర్తులను అందం కొరకు వంపు గుర్తులుగా మార్చివేస్తుంది. ఆ వంపు గుర్తులను కోడ్‌లో ఉంచితే కంప్యూటర్ వాటిని గ్రహించదు. కోడ్ ఎడిటర్ మనం రాసినది రాసినట్లే ఉంచుతుంది. అంతేగాక ఆదేశాలను రంగులలో వేరు చేసి చూపడం, తెరచిన బ్రాకెట్‌కు మూసిన బ్రాకెట్‌ను జతపరచడం, ఒక పదాన్ని అన్ని ఫైళ్లలోను వెదకడం, తప్పులను రాస్తున్నప్పుడే ఎత్తిచూపడం దీని ముఖ్య లక్షణాలు.

చరిత్ర

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ 'ఎడ్' అనే ఎడిటర్‌ను రచించారు. దానిలో పుట అంతయు ఒకేసారి కంటికి కనిపించదు. పంక్తి సంఖ్య చెప్పి ఆదేశాలు ఇవ్వవలసి ఉంటుంది. 1976లో బిల్ జాయ్ 'వి.ఐ.' అనే తెరపై కనిపించే ఎడిటర్‌ను నిర్మించారు. అదే సంవత్సరం మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 'ఈమాక్స్' పుట్టినది. వి.ఐ. మార్గంలోనే 1991లో బ్రామ్ మూలెనార్ 'విమ్'ను వెలువరించారు. దానిని ఉచితంగా ఇస్తూ, ఇష్టమైనవారు ఉగాండాలోని బాలల సహాయానికి విరాళం పంపవలసినదిగా ఆయన కోరారు. తరువాత 2003లో 'నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్', 2008లో 'సబ్లైమ్ టెక్స్ట్', 2015లో మైక్రోసాఫ్ట్ వారి 'విజువల్ స్టూడియో కోడ్' వచ్చినవి.

వచ్చినవన్నీ నిలువలేదు. 2014లో గిట్‌హబ్ సంస్థ ప్రజల ముందు ఉంచిన 'ఆటమ్' ఎందరో అభిమానించిన ఎడిటర్. 2022 డిసెంబరు 15న ఆ సంస్థయే దానిని ముగించినది. అడోబి సంస్థ 'బ్రాకెట్స్'కు తన మద్దతును 2021 సెప్టెంబరు 1న ఉపసంహరించుకొన్నది. అయినను వాటిలో రాసిన ఫైళ్లకు నష్టం కలుగలేదు. అవి సాదా పాఠం గనుక వేరే ఎడిటర్‌లో యథాతథంగా తెరచుకొన్నవి. కావున విద్యార్థి సాధనంపై మమకారం పెంచుకొనుటకన్న, తన ఫైళ్లను ఏ సాధనమైనా చదవగల రీతిలో ఉంచుకొనుట మేలు.

మన లిపులు తెచ్చే చిక్కులు

ఎడిటర్ల గుణదోషాలను చర్చించేవారు సాధారణంగా వేగాన్ని, రంగులను, సౌకర్యాలను పోల్చుతారు. ఆంగ్ల పాఠానికి అది చాలును. మన పాఠానికి చాలదు.

మొదట తెలుగును చూడుదము. యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడినవి. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు గుర్తుల వరుస. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు గనుక ఆ ఒక్క అక్షరం 18 బైట్ల స్థలం తీసుకొంటుంది. 'వెంకటేశ్వర్లు' అనే పేరు మన లెక్కలో ఐదు అక్షరాలు. యంత్రపు లెక్కలో 13 గుర్తులు. దరఖాస్తు ఫారంలో పేరుకు 12 గుర్తుల పరిమితి విధించిన పక్షంలో ఆ విద్యార్థి తన పేరు పూర్తిగా రాయజాలడు. ఈ తేడాను ఎడిటర్‌లోనే గమనించిన నిర్మాత ఆ పరిమితిని ముందుగానే సవరించగలడు.

ఉర్దూలో చిక్కు మరొక విధమైనది. కోడ్ ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తాయి. కొటేషన్ గుర్తులలో రెండు ఉర్దూ పదాలు, మధ్య ఒక కామా ఉన్న జాబితాను ఊహించండి. ఫైలులో 'ఏక్' ముందు, 'దో' తరువాత ఉంటాయి. తెరపై మాత్రం 'ఏక్' కుడివైపున, 'దో' ఎడమవైపున కనిపిస్తాయి. కోడ్‌ను ఎడమ నుండి చదివేవాడు 'దో'ను మొదటిదని భ్రమించి, తీసివేయవలసిన దానిని ఉంచి, ఉంచవలసిన దానిని తీసివేయగలడు.

అంతకన్న సూక్ష్మమైనది మరొకటి కలదు. 'కరీం' అనే పేరును ఉర్దూలో కాఫ్, రే, యే, మీమ్ అనే నాలుగు అక్షరాలతో రాస్తారు. వీటిలో కాఫ్‌కు, యేకు అరబీ సంఖ్య ఒకటి, ఉర్దూ సంఖ్య ఒకటి యూనికోడ్‌లో వేరువేరుగా ఉన్నవి. కావున ఆ పేరును నాలుగు విధాలుగా టైపు చేయవచ్చును. పదంలో కలిసినప్పుడు నాలుగును కంటికి ఒకే విధంగా కనిపిస్తాయి. జాబితాలో ఒక విధంగా, వెదికే చోట మరొక విధంగా ఉంటే, ఉత్తీర్ణుడైన విద్యార్థి పేరుకు కూడా యంత్రం "లేదు" అని చెప్పగలదు.

కంటికి కనిపించని గుర్తులు కూడా కలవు. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో 'ట్' కింద 'వ' వత్తుగా దిగకుండా ఆపేది అటువంటి గుర్తే. మరి కొన్ని అదృశ్య గుర్తులు పాఠపు దిశను మార్చుతాయి. వీటిని దుర్వినియోగం చేసి, చదివేవారికి ఒక విధంగాను యంత్రానికి మరొక విధంగాను కనిపించే కోడ్ రాయవచ్చునని 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించారు. ఆ తరువాత విజువల్ స్టూడియో కోడ్ అటువంటి గుర్తులను ఎత్తిచూపే ఏర్పాటు చేసినది.

ఐదు పరీక్షలు

పై విషయాలను బట్టి ఎడిటర్‌ను ఎన్నుకొనే ముందు ఈ ఐదు పరీక్షలు చేయుట మంచిది.

1. తెలుగు, ఉర్దూ వాక్యాలు గల ఫైలును భద్రపరచి, మూసి, మరల తెరవండి. అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపించరాదు. ఎడిటర్ యు.టి.ఎఫ్.-8లో భద్రపరచుచున్నదో లేదో దీనివలన తెలియును. విండోస్‌తో వచ్చే సాదా నోట్‌ప్యాడ్ సైతం 2019 నుండియే దీనిని తన సహజ పద్ధతిగా స్వీకరించినది.

2. 'స్త్రీ' అని రాసి కర్సర్‌ను జరపండి, ఒక్కొక్క గుర్తును తుడవండి. కర్సర్ అక్షరం మధ్య తప్పిపోరాదు, వత్తులు విడిపోరాదు.

3. పైన చెప్పిన 'ఏక్, దో' జాబితాను రాసి, మొదటి పదాన్ని మాత్రమే మార్చి చూడండి.

4. అదృశ్య గుర్తులను చూపుమని కోరండి. ఎడిటర్ వాటిని చూపవలెను గాని తనంతట తాను తీసివేయరాదు. తీసివేసినచో 'సాఫ్ట్‌వేర్' రూపం చెడును.

5. 'కరీం' పేరును అరబీ అక్షరాలతో ఒకసారి, ఉర్దూ అక్షరాలతో ఒకసారి టైపు చేసి వెదకండి. ఒకటి దొరికి మరొకటి దొరకనిచో, కర్సర్ వద్ద ఉన్న అక్షరపు యూనికోడ్ సంఖ్యను ఎడిటర్ చెప్పగలదేమో చూడండి.

ఏది ఎన్నుకొనవలెను?

ఈమాక్స్ 2012లో వెలువడిన 24వ సంచిక నుండి రెండు దిశల పాఠాన్ని ఒకే పంక్తిలో చూపగలుగుతున్నది; అయితే అభ్యాసానికి ఓపిక కావలెను. ఈమాక్స్‌లో కర్సర్ వద్ద అక్షరపు వివరాలు చెప్పే ఆదేశం కూడా కలదు. విమ్ చాలా వేగవంతమైనది. అది కిటికీ మొత్తాన్ని కుడి నుండి ఎడమకు తిప్పగలదు గాని, ఒకే పంక్తిలో రెండు దిశలను కలిపి చూపే పనిని టెర్మినల్‌కు వదలుతుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ పాత యంత్రాలలోను తేలికగా నడుస్తుంది. విండోస్ కొరకే నిర్మించబడినది. విజువల్ స్టూడియో కోడ్ మూల్యం లేకుండా లభిస్తుంది, అన్ని ప్రధాన యంత్రవ్యవస్థలపై నడుస్తుంది. కాని జ్ఞాపకశక్తి తక్కువగా గల కంప్యూటర్లకు అది భారమగును.

నస్తాలీఖ్ లిపి అందం పుటపై ఉండదగినదే. దాని అక్షరాలు ఏటవాలుగా దిగుతాయి గనుక సమాన గదులుగా విభజించిన ఎడిటర్ పంక్తిలో ఇమడవు. కావున ఎడిటర్‌లో నస్ఖ్ ఫాంటును, ప్రచురించే పుటలో నస్తాలీఖ్ ఫాంటును వాడుట ఉచితం.

కళాశాల సంఘం వారికి ఒక మనవి. ముద్రణ కొరకు అను ఫాంట్లలో కూర్చిన తెలుగు పాఠం గాని, పాత ఇన్‌పేజ్ ప్రతులలోని ఉర్దూ పాఠం గాని యూనికోడ్ కాదు. వాటిని యథాతథంగా వెబ్ పుటలో ఉంచితే పాఠకునికి అర్థంలేని గుర్తులు కనిపించును. యూనికోడ్‌లోకి మార్చి, మరల అక్షరాక్షరం సరిచూచిన పిమ్మటనే వాటిని ప్రచురించుట శ్రేయస్కరం.

విద్యార్థులారా! పై ఐదు పరీక్షల పంక్తులను ఒక చిన్న ఫైలులో రాసి దగ్గర ఉంచుకొనండి. కొత్త ఎడిటర్ ఏది వచ్చినను దానిని మొదట అందులో తెరచి చూడండి. ఎడిటర్ ఎంత ప్రసిద్ధమైనదైనా మన రెండు లిపులను ఉన్నవి ఉన్నట్లు చూపలేనిచో మన పనికి అది తగినది కాదు. ఒక వెంకటేశ్వర్లు పేరు తెగిపోకుండా, ఒక కరీం పేరు దొరకకుండా పోకుండా పుటను తీర్చగలిగినప్పుడే మనం నేర్చిన విద్య మనవారికి ఉపయోగపడినట్లు భావించవచ్చును.